పోర్టల్ పడుకున్నా ఆఫీసు నడవాలి!

ఒక చిన్న పరీక్ష. మీ ఆఫీసు వాట్సాప్ గ్రూపు, మెయిల్, కంపెనీ పోర్టల్ మూడూ ఒకేసారి ఆగిపోయాయనుకోండి. బయట కుండపోత వాన. నైట్ షిఫ్టు అయిపోయి క్యాబ్‌లో బయల్దేరిన మీ పక్క సీటు అమ్మాయి ఇల్లు చేరిందో లేదో ఎట్లా తెలుసుకుంటారు? ఆమె నంబర్ మీ దగ్గరుందా? ఆమె ఇంటి నంబర్ ఎవరి దగ్గరుంది? డ్రైవర్ నంబర్?

"అన్నీ పోర్టల్‌లో ఉంటాయి కదా!" అంటారా? ఆ పోర్టల్ ఓపెన్ కాకపోతేనే అసలు కథ మొదలయ్యేది.

ఆఫీసు పోర్టల్‌నే మా భాషలో ఇంట్రానెట్ అంటాం. బయటివాళ్లకు కనపడకుండా, కంపెనీలో పనిచేసేవాళ్లకు మాత్రమే తెరుచుకునే లోపలి నెట్ అన్నమాట. లీవు పెట్టేది అక్కడే, పే స్లిప్ తీసుకునేదీ అక్కడే. మౌస్ పనిచేయట్లేదని కంప్లైంట్ పెట్టాలన్నా, కొత్త రూల్స్ చదవాలన్నా, ఎవరి ఎక్స్‌టెన్షన్ ఎంతో చూడాలన్నా అక్కడికే పోవాలి. రోజూ వాడతాం, రోజూ తిట్టుకుంటాం. అది లేని రోజు వస్తే మాత్రం సగం ఆఫీసు చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

నేను చూసుకునేది అలాంటి ఒక పోర్టల్‌నే. మాది చిన్న కంపెనీ. కరీంనగర్‌లో మెయిన్ ఆఫీసు, ఆదిలాబాద్‌లో బ్రాంచి. రెండూ కలిపితే నూటయాభై మందిమి. 2020 జూలైలో కరీంనగర్‌లో ఐటీ టవర్ మొదలయ్యాక "ఇక్కడ కూడా సాఫ్ట్‌వేర్ జాబులా?" అని అడగడం కొంచెం తగ్గింది. కానీ హైదరాబాద్‌లో కూర్చుని పోర్టల్ నడపడం వేరు, ఇక్కడ నడపడం వేరు. ఇక్కడ ఎండ వేరు, వాన వేరు, కరెంటు వేరు. రెండో ఆఫీసుకు వెళ్లాలంటే జగిత్యాల, నిర్మల్ మీదుగా బస్సెక్కి సగం రోజు ప్రయాణం చేయాలి.

కడెం గేట్లు ఎత్తిన రాత్రి

2022 జూలై వానలు ఉత్తర తెలంగాణలో ఎవరూ మర్చిపోరు. ఆ నెల 13న కడెం ప్రాజెక్టు మీద అందరి ప్రాణాలూ వేలాడాయి. గేట్లన్నీ ఎత్తితే కిందికి వదలగలిగేది దాదాపు 3 లక్షల క్యూసెక్కులు. వచ్చిన వరద 5 లక్షలు దాటింది. ఉన్న 18 గేట్లలో ఒకటి మొరాయించింది. కింది ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. అదృష్టం బాగుండి కట్ట నిలబడింది.

ఆ రాత్రే మా కరీంనగర్ ఆఫీసులో కరెంటు పోయింది. యూపీఎస్ ఉన్నంతసేపు ఉండి సర్వర్ ఆగిపోయింది. ఆదిలాబాద్ ఆఫీసుకు నెట్ కూడా లేదు. నేను కంపెనీలో చేరి ఏడాది కూడా కాలేదు. పోర్టల్ అంతకుముందే కట్టేసి ఉంది. మా మేనేజర్ ఫోన్ చేసి అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఆదిలాబాద్‌ల ఇప్పుడు ఆఫీసుల ఎవరున్నరు? కడెం దిక్కు ఊళ్లోళ్లు ఎవరెవరు?"

జవాబు ఉంది. హాజరు పోర్టల్‌లో ఉంది. లీవులు పోర్టల్‌లో ఉన్నాయి. సొంతూరు, ఇంటి నంబర్ కూడా పోర్టల్‌లోనే ఉన్నాయి. పోర్టల్ మాత్రం చీకట్లో ఉంది. బీరువా తాళం చెవిని బీరువాలోనే పెట్టి తలుపేసినట్టు!

చివరికి దారి చూపింది ఆదిలాబాద్ గేటు దగ్గర సెక్యూరిటీ అన్న. "సార్, నా రిజిస్టర్ల అన్నీ ఉన్నయ్. చదవాల్నా?" అన్నాడు ఫోన్‌లో. ఎవరు ఎన్ని గంటలకు లోపలికి వచ్చారు, ఎవరు బయటికి పోయారు, పేరు, ఫోన్ నంబర్. రెండు రూపాయల పెన్నుతో రాసిన పొడుగాటి నోటుబుక్. ఆయన చదువుతుంటే మేం రాసుకున్నాం. లోపల ఏడుగురు క్షేమంగా ఉన్నారు. శనివారం వెళ్లినవాళ్లలో ముగ్గురు మళ్లీ రాలేదు. తొలి ఏకాదశికి ఊళ్లకు పోయారు.

ఇద్దరు ఫోనెత్తారు. మూడో ఆమె ఫోన్ స్విచాఫ్. ఆ రాత్రంతా మాలో ఎవరికీ నిద్ర లేదు. మర్నాడు మధ్యాహ్నం ఎవరి ఫోన్ నుంచో ఆమే చేసింది. "ఊరు ఖాళీ చేయించిన్రు అన్నా. బడిల ఉన్నం. చార్జింగ్ లేక ఫోన్ బందైంది. నా లీవు అప్లై చేయలే, ఏమన్న అయితదా?" అంత వరదలో ఆ అమ్మాయి భయం లీవు గురించి!

ల్యాంప్ రూమ్ లెక్క

ఈ ముచ్చటంతా ఇంట్లో చెప్తే మా నాన్న నవ్వాడు. గోదావరిఖనిలో ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గు బాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. "గా రిజిస్టరే మా ల్యాంప్ రూమ్ రా" అన్నాడు.

బాయి దిగే ప్రతి కార్మికుడూ ముందు ల్యాంప్ రూమ్‌కి పోయి తన నంబర్ మీద తలకు పెట్టుకునే లైటు తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక తిరిగి ఇస్తాడు. ఎవరి ల్యాంపు వెనక్కి రాలేదో వాళ్లు ఇంకా లోపలే ఉన్నట్టు. ప్రమాదం జరిగిన రోజు వెతకాల్సిన వాళ్ల లిస్టు కోసం ప్రత్యేకంగా ఎవరూ కూర్చుని రాయక్కర్లేదు. పొద్దున డ్యూటీ ఎక్కినప్పుడే ఆ లిస్టు తయారైపోయింది.

బొగ్గు గనుల్లో ఇలాంటి ఏర్పాట్ల వెనక ప్రాణాల లెక్కలున్నాయి. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. మా బెల్టులో ఆ తేదీ గుర్తులేని ఇల్లు తక్కువ. గని నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది: మనుషులు పనిచేసే భూగర్భ గనికి పైకి రావడానికి కనీసం రెండు వేర్వేరు దారులుండాలి. ఒకటి మూసుకుపోతే ఇంకోటి.

ఆఫీసు పోర్టల్‌కి, బాయికి పోలికా అనకండి. మా పోర్టల్‌ని మార్చడానికి మేం పట్టుకున్న సూత్రాలు ఈ రెండే. ఆపద రోజు కావాల్సింది మామూలు రోజు పనిలోనే తయారవ్వాలి. రెండో దారి మొదటి దారి మీద ఆధారపడకూడదు.

మామూలు రోజే అసలు రిహార్సల్

చాలా కంపెనీల్లో 'ఎమర్జెన్సీ ప్లాన్' అని ఒక పీడీఎఫ్ ఉంటుంది. పోర్టల్‌లో ఏడో మెనూ కింద, నాలుగేళ్ల కింద అప్‌లోడ్ చేసింది. అందులో ఫోన్ చేయమన్న ఆయన ఉద్యోగం మానేసి మూడేళ్లవుతుంది.

అందుకే మేం ఎమర్జెన్సీకి వేరే పేజీ కట్టలేదు. రోజూ వాడే హాజరు పేజీనే మార్చాం. షిఫ్టు ఎక్కగానే మీరు నొక్కే బటన్‌తోనే 'ఇప్పుడు ఆఫీసులో ఉన్నవాళ్లు' లిస్టు తయారవుతుంది. ప్రతి షిఫ్టు మొదలైన అరగంటకు ఆ లిస్టు ఇద్దరు షిఫ్టు లీడ్ల ఫోన్లలో దానంతట అదే సేవ్ అవుతుంది. నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. ఒక కాపీ ప్రింటై గేటు దగ్గరికి పోతుంది. సెక్యూరిటీ అన్న రిజిస్టర్ మాత్రం తీసేయలేదు. దాన్ని తీసేద్దామని ఎవరైనా అంటే ఇప్పుడు మా మేనేజరే ఒప్పుకోడు.

నంబర్లు అందరికీ కనపడవు. ఆడపిల్లల నంబర్లున్న లిస్టును గోడకు అంటిస్తే అది ఇంకో ఆపద. షిఫ్టు లీడ్‌కు తన షిఫ్టు వరకే, షిఫ్టు అయ్యేదాకే.

ఊహించగలిగే రద్దీ కూడా మామూలు పనే. ఒకటో తారీఖు పే స్లిప్పులు. సద్దుల బతుకమ్మకు ముందు వారం లీవు పేజీ మీద దండయాత్ర. మేడారం జాతర ఏడాది అయితే ఇంకొక దండయాత్ర. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర వస్తుందని ఆదిలాబాద్ బ్రాంచికి ఎవరూ చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో కొన్న రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. ఇవన్నీ క్యాలెండర్‌లో ముందే కనపడుతున్నవే. ఆ వారాల్లో అప్‌డేట్లు వేయం, సర్వర్ ముట్టుకోం.

ఇంకో చిన్న రూల్: ప్రతి పేజీ కింద ఒక మనిషి పేరు, చివరిసారి చూసిన తేదీ. ఆర్నెల్లు దాటితే పేజీ పైన పసుపు పట్టీ వస్తుంది. అది వచ్చిందంటే ఆ మనిషిని క్యాంటీన్‌లో అందరూ ఆటపట్టిస్తారు. మెయిల్ రిమైండర్ కంటే అది బాగా పనిచేస్తుంది.

ఫేస్‌బుక్‌కే దారి దొరకలేదు

రెండో దారి ఎందుకంటే, పెద్దోళ్లకే తప్పలేదు. 2021 అక్టోబర్ 4 రాత్రి మనకు వాట్సాప్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ అన్నీ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి, గుర్తుందా? మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్ల మధ్య ఉన్న లింకులన్నిటినీ తెంపేసింది. మనకు మీమ్స్ పండగ. వాళ్ల ఇంజినీర్లకు మాత్రం, రిపేర్ చేయడానికి వాడే లోపలి టూల్స్ కూడా అదే నెట్‌వర్క్ మీద ఉండి ఆగిపోయాయి. మనుషుల్ని నేరుగా డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది. ఉద్యోగుల బ్యాడ్జిలకు తలుపులు తెరుచుకోలేదని కూడా అప్పట్లో వార్తలొచ్చాయి.

2024 జూలై 19 ఇంకా దగ్గరి కథ. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరి ఫోన్లలో తిరిగింది. నవ్వుకున్నాం కానీ, ఆ కాగితం, ఆ పెన్నే వాళ్ల రెండో దారి. కంప్యూటర్ ఆగినా ప్రయాణికుడు ఎక్కాడు.

మా దగ్గర రెండో దారి మూడు ముక్కలు. మొదటిది, 'పోర్టల్ ఇప్పుడు ఎట్లుంది' అని చెప్పే చిన్న పేజీ. అది మా సర్వర్ మీద ఉండదు, మా లాగిన్ అడగదు, వేరే కంపెనీ దగ్గర ఉంటుంది. రెండోది, సర్వర్ పాస్‌వర్డులు, డిస్క్ తాళాలు రాసి సీల్ వేసిన కవరు. కరీంనగర్ లాకర్‌లో ఒకటి, ఆదిలాబాద్ లాకర్‌లో ఒకటి. మూడోది ఎస్సెమ్మెస్.

ఎస్సెమ్మెస్ అంటే పాతకాలం అనుకోకండి. డేటా లేకపోయినా పోతుంది. కాకపోతే అందులో రెండు మెలికలున్నాయి. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. మన గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. రెండోది, కంపెనీలు గుంపుగా పంపే మెసేజ్‌లకు టెంప్లేట్ ముందే రిజిస్టర్ చేయించుకోవాలి. వాన పడుతున్నప్పుడు కూర్చుని కొత్తగా రాసి పంపుదామంటే కుదరదు. అందుకే ఎండాకాలంలోనే రాసి పెట్టుకున్నాం. 'రేపు ఆఫీసు లేదు. ఇంట్లోనే ఉండండి. లీవు కట్ కాదు.' ఆ చివరి ముక్క ఎవరి కోసమో మీకు తెలుసు.

తెలుగులోనే ఎందుకంటే, క్యాబ్ డ్రైవర్, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ అక్క కూడా చదవాలి. ఆపద రోజు ముందు పరుగెత్తేది వాళ్లే.

ఎత్తి చూడని గేటు

కడెంలో ఒక గేటు మొరాయించిందని చెప్పాను కదా. మరుసటి ఏడాది జూలైలో కూడా కొన్ని గేట్లు తెరుచుకోలేదు. గేటు ఉందా అని లెక్కపెడితే సరిపోదు, అవసరం పడ్డ రోజు లేస్తుందా అనేది ప్రశ్న.

మా ఫీల్డ్‌లో ఆ గేటు పేరు బ్యాకప్. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. ఏదీ సరిగ్గా అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పని మీద తీసి పెట్టుకున్న ఒక కాపీ వాళ్లను బతికించింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, అసలూ నకలూ ఒకే చోట పెట్టుకున్నవాళ్లకు రెండూ పోయాయి.

మన దగ్గరి సంగతి చూస్తే, 2019లో ఎండాకాలంలో తెలంగాణ, ఏపీ కరెంటు డిస్కంల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఆన్‌లైన్ సేవలు ఆగాయి, కేసులు పెట్టారు. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తీయాలంటే డబ్బులియ్యమనే రకం దాడి అది. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉండే బ్యాకప్‌కు కూడా అదే తాళం పడుతుంది.

కాబట్టి కరీంనగర్ డేటా కాపీ ఆదిలాబాద్‌లో, అక్కడిది ఇక్కడ. ఇంకో కాపీ ఏ వైరుకూ తగిలించకుండా లాకర్‌లో. నెలకోసారి ఆ కాపీ నుంచి ఒక పాత పే స్లిప్ బయటికి తీసి, సరిగ్గా తెరుచుకుందా అని చూస్తాం. తీసి చూడని బ్యాకప్‌ను మేం లెక్కలోకి తీసుకోం.

ఎండ సంగతి కూడా ఉంది. 2022 జూలై 19న లండన్‌లో 40 డిగ్రీలు కొడితే, గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రుల డేటా సెంటర్లు రెండూ ఆగిపోయాయి. డాక్టర్లు మళ్లీ కాగితం మీదకు వచ్చారు. పూర్తిగా కోలుకోవడానికి వారాలు పట్టింది. 40 డిగ్రీలంటే రామగుండంలో ఎవరూ ఫ్యాన్ స్పీడ్ కూడా పెంచరు! మాకు మే నెలలో 45 అనేది వార్త కాదు. అందుకే సర్వర్ రూమ్ ఏసీ ఆగితే ఏ మెషీన్లు ముందు ఆపాలి, ఏది చివరిదాకా ఉండాలి అనే వరుస రాసి తలుపు మీద అంటించాం. చివరిదాకా ఉండేది పే రోల్ కాదు, మనుషుల లిస్టు.

శనివారం డ్రిల్

మూడు నెలలకోసారి శనివారం పోర్టల్‌ని కావాలనే ఆపేస్తాం. ఏ శనివారమో చెప్పం. ఆ షిఫ్టులో ఉన్న ప్రతి ఒక్కరూ క్షేమమని పోర్టల్ లేకుండా తేల్చాలి.

మొదటిసారి గంట దాటింది. ఒక లీడ్ ఫోన్‌లో లిస్టు ఉంది కానీ ఆయన ఫోన్ ఇంట్లో ఉంది. ఇంకో చోట ప్రింటర్‌లో కాగితం లేదు. నాలుగో డ్రిల్‌కి టీ చల్లారేలోపే అయిపోయింది. డ్రిల్‌లో ఎవరినీ తిట్టకూడదనేది రూల్. ఏది మొరాయించిందో రాసుకుంటాం, సోమవారం బాగు చేస్తాం.

మొదట్లో "ఇదంతా టైమ్ వేస్ట్ కదన్నా" అన్న తమ్ముళ్లు ఉన్నారు. ఖర్చు అడిగిన సార్లూ ఉన్నారు. ఎస్సెమ్మెస్‌లకు, కాగితాలకు, ఒక హార్డ్ డిస్క్‌కు అయింది చెప్తే ఊరుకున్నారు. నిజానికి ఖర్చు డబ్బు కాదు, ఓపిక. ఏమీ జరగని రోజున జరగబోయేదాని కోసం పనిచేయడం బోరు. ఫలితం కనపడదు, ఎవరూ మెచ్చుకోరు.

అయినా 2023 జూలై చివర్లో మళ్లీ వానలు దంచికొట్టినప్పుడు ఆదిలాబాద్ లైను తెగింది. ఆ రాత్రి ఎవరూ నాకు ఫోన్ చేయలేదు. పొద్దున్నే లేచి చూస్తే షిఫ్టు లీడ్ పంపిన ఎస్సెమ్మెస్ ఉంది: 'పదకొండు మంది. అందరూ సేఫ్. ఇద్దరు ఊళ్లో, మాట్లాడిన.' మెసేజ్ వచ్చిన టైమ్ రాత్రి 10:40. అప్పటికి మా పోర్టల్ ఇంకా లేవలేదు కూడా.

రేపు ఆఫీసుకు పోతే మూడు ప్రశ్నలు అడగండి. పోర్టల్ ఆగితే లోపల ఎవరున్నారో ఎవరు చెప్తారు? ఆ చెప్పే మనిషి ఫోనెత్తకపోతే తర్వాత ఎవరు? బ్యాకప్‌ను చివరిసారి ఎప్పుడు తీసి చూశారు? జవాబు చెప్పడానికి పోర్టల్ ఓపెన్ చేస్తున్నారంటే, మీ ఆఫీసుకు ఇంకా రెండో దారి లేనట్టే. వానలు మొదలయ్యేలోపు అడగండి.